పేనుకొరుకుడు

పోయిన ఆదివారం మా తమ్ముడు మల్లేశ్ కొడుకు శ్రీకాంత్ మలక్‌పేటలోని మా ఇంటికి వచ్చాడు. కూర్చుంటూనే నెత్తి మీది టోపీ తీసి, పక్కకు తిరిగి, చూడమన్నాడు. కుడి చెవికి కాస్త పైన రూపాయి బిళ్లంత మేర వెంట్రుకన్నది లేకుండా నున్నగా మెరుస్తోంది. చూడగానే నాకు తెలిసిపోయింది. మా ఇళ్లల్లో దాన్ని పేనుకొరుకుడు అంటారు. కంటికి కనిపించని పేనేదో కుదుళ్లు కొరికేస్తుందని, అందుకే వెంట్రుకలు అలా బిళ్లలు బిళ్లలుగా ఊడిపోతాయని మా పెద్దవాళ్లు నమ్మేవారు. శ్రీకాంత్‌కు ఆ పేరు కూడా తెలియదు. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడట. ఒంట్లో ఉన్న రక్షణ శక్తే పొరబడి మన వెంట్రుకల మీద పడుతుందని, భయపడాల్సిందేమీ లేదని ఆమె కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పిందట. తగ్గుతోందో లేదో చూడడానికి వాడి భార్య వారం వారం ఆ మచ్చను ఫోన్‌లో ఫోటో తీస్తోందట. ఆ ఫోటోలు నాకు చూపిస్తూ నవ్వుకుంటూ అన్నాడు: "మీకు గూడ అయిందట గదా పెద్దబాపూ. డాడీ చెప్పిండు. ఏం కాలే, మళ్ల మస్తుగ వచ్చినయ్, ఫికర్ చెయ్యకు అన్నడు."

అవును, వచ్చాయని చెప్పాను. చాయ్ తాగి వాడు వెళ్లిపోయాడు. వాడి ముఖంలో బెంగ పోయిందని మా ఆవిడ సంతోషించింది. నాకు మాత్రం ఆ 'ఏం కాలే' అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. మల్లేశ్ అబద్ధమేమీ చెప్పలేదు. వాడికి నిజంగానే ఏమీ కాలేదు. అయింది నాకు. ఇన్నేళ్లుగా ఎందరి జీవితాల గురించో రాశాను గాని, దీన్ని గురించి ఒక్క వాక్యం రాయలేదు. ఇంట్లోవాళ్లు దాన్ని ఒక వెంట్రుకల కథగా చెప్పుకొని ముగించేస్తున్నారని తెలిశాక, ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

పాతబస్తీ జహనుమాలో మా ఇల్లంటే నిజానికి బర్రెల కొట్టమే. దానికి ఆనుకుని మేం ఉండే రెండు గదులు. మాకూ బర్రెలకూ మధ్య సగం గోడ మాత్రమే ఉండేది కాబట్టి, అవి నెమరు వేసే చప్పుడు మా నిద్రలోకి వచ్చేది. నానిన పల్లిచెక్క వాసన, పచ్చిగడ్డి వాసన, పెండ వాసన, వానాకాలంలో తడి గోనెసంచుల ముక్క వాసన, వీటన్నిటి మీదా కాగుతున్న పాల వాసన. బడిలో పిల్లలు మా పక్కన కూర్చుంటే ఎవరింటి పిల్లలమో కళ్లు మూసుకుని చెప్పేవారు. మా బాపు ఆ కొట్టంలో వేరే మనిషి. మాతో మాట్లాడినప్పుడు ఒక్కో మాట విరిచి పారేసినట్టు ఉండేది. బర్రె పక్కన గొంతుక్కూర్చోగానే గొంతు మారిపోయేది. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ధోతి కొంగుకు తుడుచుకుని, పొదుగు మీద చన్నీళ్లు చల్లి, ఆ బర్రెతో ఏదో మెల్లగా చెబుతూ పిండేవాడు. పాలల్లో నీళ్లు కలపడని ఆయనకు పేరు. ఆ పేరు తప్ప ఆయనకు ఇంకే ఆస్తీ లేదు. ఆ చుట్టుపక్కల ఇంకా పాలవాళ్లు ఉన్నా, ఇరుగుపొరుగు ముస్లింల ఇళ్లల్లో పెళ్లి జరిగితే ఖీర్‌కు పాలు మా ఇంటి నుంచే వెళ్లేవి. ఎవరైనా వచ్చి బాపు పేరు పెట్టి యాదగిరి పాలు కావాలని అడిగితే, బాపు ముఖంలో ఏమీ కనిపించేది కాదు గాని, ఆ రోజు మా మీద అరిచేవాడు కాదు.

నేను పెద్దకొడుకును. పదో తరగతి గట్టెక్కాక సైకిలుకు రెండు వైపులా క్యాన్లు కట్టి పాలు పోసే పని నాది అయింది. ఫలక్‌నుమా మీదుగా బహదూర్‌పురా దాకా ఇళ్లూ, రెండు మూడు చాయ్ హోటళ్లూ. తెల్లవారుజామున ఆ వీధుల్లో పోతుంటే ఒకచోట నహారీ మాంసం ఉడికే దేగ్ మూత తీసిన ఘుమఘుమ, ఒకచోట తందూరు రొట్టెల వాసన, ఒకచోట అప్పుడే నీళ్లు చల్లిన మట్టి వాసన. తలుపుకు వేలాడే పరదా వెనక నుంచి గిన్నె పట్టుకున్న చెయ్యి ఒక్కటే బయటికి వచ్చేది. ముఖాలు తెలియకపోయినా గాజులను బట్టి ఎవరో గుర్తుపట్టేవాణ్ని. చివర గఫార్ సేఠ్ హోటలు. ఆయన మాకు అందరికన్నా పెద్ద గిరాకీ. నా క్యాన్లు దించగానే, ఆ పాలతో కలిపిన మొదటి చాయ్ నాకే పోసేవాడు. హోటలు గోడకు పెద్ద అద్దం ఉండేది. చాయ్ తాగుతూ దాంట్లో చూసుకుని జుట్టు దువ్వుకోవడం నా అలవాటు. చెవులు మూసేంత జుట్టు, వెనక జేబులో దువ్వెన. ఆ కాలంలో కుర్రవాళ్లందరికీ అదే వేషం. ఆ పని నాకెంత ఇష్టమో అప్పుడు నాకే తెలియదు. బతుకంతా అలాగే ఉంటుందనుకున్నాను.

మచ్చను మొదట చూసింది అమ్మ. ఆదివారం నెత్తికి నూనె పెడుతుంటే ఆమె చెయ్యి ఒక్కచోట ఆగిపోయింది. వేలితో అక్కడే మళ్లీ మళ్లీ రాసి చూసి, పేనుకొరుకుడని మెల్లగా అంది. బాపుకు చెప్పొద్దంది. గురివింద గింజలు తెప్పించి, పొట్టు తీసి, రాయి మీద నీళ్లతో నూరి, గరుకు గుడ్డతో ఆ మచ్చను ఎర్రబడే దాకా రుద్ది, పైన ఆ ముద్ద పట్టించింది. మంట తట్టుకోలేక నేను కొట్టంలోకి పరుగెత్తాను. రెండు మూడు రోజులకు అక్కడ బొబ్బలెక్కి చీము పట్టింది. అది మానేలోగా వెనక భాగంలో ఇంకో బిళ్ల, నుదుటి పైన ఇంకోటి. ఉల్లిగడ్డ రసం పూశారు. ఎవరో చెబితే ఇంకేదో ఆకు పసరు పూశారు. రాత్రి పడుకుంటే నా తల నాకే కంపు కొట్టేది. తర్వాత ఎడమ కనుబొమ్మ సగం రాలిపోయింది. నెత్తికైతే రుమాలు కట్టుకున్నాను. కనుబొమ్మకు ఏం కట్టను?

ఇంట్లో మార్పులు ఒక్కసారిగా రాలేదు. ముందు నా దువ్వెన వేరయింది. తర్వాత తువ్వాలు. ఒకరోజు అన్నం తింటుంటే నా కంచం అంచున సున్నం చుక్క కనిపించింది. కంచాలు కలిసిపోకుండా గుర్తు పెట్టింది అమ్మే. పెరుగు కుండ దగ్గరికి వెళితే, నేను తీసిస్తానురా అని ముందే లేచేది. ఆమె కళ్లల్లో నీళ్లుండేవి, అయినా లేవడం మానలేదు. నేను అప్పటికీ పాలు పోస్తూనే ఉన్నాను. పరదాల వెనక నుంచి వచ్చే చేతులు కాస్త వెనక్కి జరిగినట్టు, గిన్నెను గడప మీద పెట్టి పొమ్మంటున్నట్టు గమనించాను గాని, నా భ్రమేనని సర్దిచెప్పుకున్నాను.

గఫార్ సేఠ్ నాతో ఏమీ అనలేదు. ఒక సాయంత్రం తనే మా ఇంటికి వచ్చి, కొట్టం బయట బాపును పక్కకు పిలిచాడు. సగం గోడకు ఇవతల నేను గడ్డి వేస్తున్నాను. ఆయన నెమ్మదిగానే మాట్లాడాడు. "యాదగిరి భాయ్, బురా నక్కో మానో. బచ్చేకే సర్ కో కుచ్ బీమారీ హై బోల్‌కే లోగాఁ బాతాఁ కర్రైఁ. దూధ్ కా మామ్లా హై." పిల్లవాడి నెత్తికి ఏదో జబ్బుందని జనం అనుకుంటున్నారు, ఇది పాలతో పని, ఏమనుకోవద్దు అని. చిన్నోణ్ని పంపితే తనకేమీ అభ్యంతరం లేదని కూడా చెప్పాడు. మర్నాడు నేను లేచేసరికి క్యాన్లు కట్టిన నా సైకిలు మల్లేశ్ చేతిలో ఉంది. నా పక్క నుంచి పోతూ బాపు, ఇక కొట్టంలోకి రావద్దని, పాలు పిండే చోట నిలబడొద్దని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. చెరువు గట్టు మీద పనికిరాని దున్నపోతు సంగతి మాట్లాడినంత మామూలుగా చెప్పాడు.

మా వీధిలో ఒకామె సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేసేది. పూతలన్నీ మానేసి అక్కడ చర్మం డాక్టర్లను చూడమని ఆమే చెప్పింది. ఒక్కణ్నే వెళ్లాను. ఆ వరండాలో నాలాంటి వాళ్లు, నాకంటే ఎంతో అన్యాయమైపోయినవాళ్లు, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఒకతని చేతులు చేప పొలుసుల్లా ఉన్నాయి. ఒకామె ముఖం మొత్తం కొంగుతో కప్పుకుని, మందు పేరు చదివి పెట్టమని చీటీ మాత్రం నా ముందుకు చాచింది. అక్కడ ఎవరూ ఎవరికీ దూరంగా జరగలేదు. చాలా రోజుల తర్వాత ఒక బెంచీ మీద నాకు రెండు వైపులా మనుషులు ఆనుకుని కూర్చున్నారు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. రుమాలు తీయమంది. తీశాను. ఆమె తొడుగులేమీ లేని చేత్తో నా తల పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఒక్కో మచ్చనూ బొటనవేలితో నొక్కి, అంచుల్లో వెంట్రుకలు లాగి చూసింది. అమ్మ చెయ్యి ఆగిపోయిన ఆ ఆదివారం తర్వాత మందు పూయడానికి తప్ప ఎవరూ నా తల ముట్టుకోలేదు. ఆమె ఇంకా ఏమీ చెప్పకముందే నాకు ఏడుపొచ్చింది. అది పేను పని కాదని, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని, చిన్న వయసు కాబట్టి తిరిగి మొలిచే అవకాశం ఎక్కువని ఆమె చెప్పింది. మచ్చల్లోకి సూదులు వేస్తారని, కాస్త నొప్పిగా ఉంటుందని కూడా. నాకు ఆ మాటల్లో అంటుకోదన్నది ఒక్కటే వినిపించింది. పాలు పిండొచ్చా అని అడిగాను. ఆమెకు నా ప్రశ్న అర్థం కాక మొత్తం చెప్పించుకుంది. విని, పెన్ను కింద పెట్టింది.

"నువ్వు పాలు పిండొచ్చు, పెరుగు తోడెయ్యొచ్చు, అందరితో ఒకే కంచంలో తినొచ్చు. మీ నాన్నగారిని తీసుకురా, నేనే చెప్తాను" అంది.

బాపును దవాఖానకు రమ్మనడం తేలికైన సంగతి కాదు. అమ్మ ఎన్నో రోజులు నచ్చచెప్పింది. చివరికి ఒకరోజు మధ్యాహ్నం పాలు పిండే వేళకు తిరిగి వచ్చేయాలన్న షరతుతో బయలుదేరాడు. ఉతికిన ధోతి, తెల్ల అంగీ, భుజాన కొత్త కండువా. డాక్టరమ్మ కోసం చిన్న డబ్బాలో పాలు తీసుకున్నాడు. బస్సు నిండా జనం. ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో డబ్బా గుండెకు అదుముకుని, మలుపు తిరిగినప్పుడల్లా ఊగిపోతున్నాడు. నేను పక్కనే ఖాళీ చేతులతో నిలబడి ఉన్నాను. ఇవ్వు బాపూ అని చెయ్యి చాచాను. ఆయన వినిపించుకోనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. కొన్ని పాలు ఒలికి ఆయన కొత్త కండువా తడిసింది గాని, డబ్బా నా చేతికివ్వలేదు.

డాక్టరమ్మ ఆయనను కూర్చోబెట్టి, నాకు చెప్పిందంతా ఇంకా ఓపికగా చెప్పింది. మాట్లాడుతూ మాట్లాడుతూ నా తల మీద చెయ్యి వేసి, ఆ చేత్తోనే ఆయన తెచ్చిన డబ్బా అందుకుంది. కావాలనే అలా చేసిందని ఇప్పటికీ నా నమ్మకం. బాపు శ్రద్ధగా విన్నాడు. తలాడించాడు. రెండు చేతులు జోడించి దండం పెట్టాడు. దవాఖాన మెట్లు దిగుతుంటే నా కాళ్లు నేల మీద లేవు. మర్నాడు ఏ దారిన ముందు పోవాలో, ఎవరింట్లో ఏ గిన్నె ఉంటుందో అన్నీ మనసులో ఒకసారి తిరిగి చూసుకున్నాను.

బస్టాపులో నిలబడ్డాక నేనే అడిగాను, రేపు నేను పోనా అని. బాపు కండువా మీద పాల మరక చూసుకున్నాడు.

"డాక్టరమ్మ చెప్పింది నిజమే. నాకు సమజైంది," అన్నాడు. "గిరాకీలకు ఎవలు చెప్పాలె?"

"నువ్వు చెప్పు బాపూ. నీ మాట అందరు నమ్ముతరు."

"పాలమ్మేటోడు చెప్తే ఎవడు నమ్మడు బిడ్డా. గది పాలు అమ్ముకునేటందుకు చెప్పే మాట అంటరు."

అంతే. బస్సు వచ్చింది. ఇంటికొచ్చాక ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయనకు తెలియక చేసి ఉంటే నేను ఏనాడో మరిచిపోయేవాణ్ని. అమ్మకు తెలియదు, ఆమె మీద నాకు కోపం లేదు. కంచం మీద ఆ సున్నం చుక్క కొన్నాళ్లకు తోముళ్లల్లో అరిగిపోయింది, ఆమె మళ్లీ పెట్టలేదు. బాపుకు మాత్రం తెలిసింది. కుర్చీలో కూర్చుని, చెవులారా విని, అర్థం చేసుకుని, తన పేరునూ నన్నూ పక్కపక్కన పెట్టి చూసుకుని ఒకటి తీసుకున్నాడు. ఇంట్లో ఇంకో కొడుకున్నాడు. పేరు ఇంకోటి లేదు. ఆయన లెక్క అర్థం చేసుకోగలను. అందులో నేనెక్కడ నిలబడ్డానో కూడా అందుకే అంత స్పష్టంగా కనిపిస్తుంది.

వైద్యం మానలేదు. సన్నని సూదితో ఒక్కో మచ్చలో పక్కపక్కనే పొడుచుకుంటూ పోయేవారు. ఎముక మీద పొడిచినట్టుండేది. పూతకిచ్చిన ముదురు రంగు మందు దిండు గలీబులను గోధుమరంగు చేసేసింది, ఎంత ఉతికినా ఆ మరకలు పోలేదు. పొద్దున ఇంట్లో అందరూ పాల పనిలో ఉంటే నాకు చేసే పనేమీ లేదు. రుమాలు కట్టుకుని గ్రంథాలయానికి పోయి, అక్కడ ఎవరూ ముఖాలు ఎత్తి చూడరు కాబట్టి సాయంత్రం దాకా కూర్చునేవాణ్ని. చదువు మీద ప్రేమతో కాదు. ఇంకెక్కడా కూర్చోవడానికి చోటు లేక. మూడో ఏడు చలికాలం వెళ్లిపోతుండగా ఒకరోజు వేలికి మెత్తగా నూగు తగిలింది. పుట్టిన పిల్లల తలమీద ఉండేలాంటి తెల్లని నూగు. తర్వాత అది గట్టిపడింది, నల్లబడింది. కనుబొమ్మ నిండింది. అమ్మ దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టింది. నేను నూనె రాసుకుని, పాపిడి తీసి దువ్వుకుని, పాత అంగీ తొడుక్కుని బాపు ముందు నిలబడ్డాను.

ఆయన చూసి మంచిగైందన్నాడు. సైకిలు సంగతి అడిగాను.

"మల్లేశ్ అలవాటు పడ్డడు. గిరాకీలు గూడ వానికి అలవాటైన్రు. మళ్ల మార్చుడెందుకు?"

మల్లేశ్ అప్పుడు అక్కడే ఉన్నాడు. క్యాన్లకు తాడు బిగిస్తున్నాడు. వాడు అన్నకు ఇచ్చేయనీ బాపూ అని ఒక్క మాట అంటాడేమోనని చూశాను. వాడు ముడి వేస్తూనే ఉన్నాడు. కొన్నాళ్లకు గఫార్ సేఠ్ వీధిలో ఎదురుపడి, నా జుట్టు చూసి నిజంగా సంబరపడి, మాషా అల్లా అంటూ భుజం తట్టి, హోటలుకు తీసుకెళ్లి చాయ్ తాగించాడు. తను అన్న మాట ఆయనకు గుర్తే లేదు. ఆ చాయ్‌లో పాలు మావే, పోసింది మల్లేశ్.

తర్వాత నేను చదువుకుని తెలుగు పంతులునయ్యాను, కథలు రాశాను, మలక్‌పేటలో ఇల్లు కట్టుకున్నాను. ఈ సంగతి తెలిసిన ఒకరిద్దరు మిత్రులు, అది జరగబట్టే కదా రచయితవయ్యావు, లేకపోతే పాలమ్ముకుంటూ ఉండేవాడివి అంటారు. నన్ను ఓదార్చడానికే అంటారు. వాళ్లకు నేనేం చెప్పను? నాకు పాలు పోయడం ఇష్టం. తెల్లవారుజామున క్యాన్ల బరువుకు సైకిలు అటూ ఇటూ తూగుతుంటే నిలబెట్టుకుంటూ పోవడం ఇష్టం. నా నుంచి ఒక పని లాక్కుని, దాని బదులు ఇంకేదో ఇచ్చారని నేను ఎందుకు సంతోషించాలి? ఈనాడు శ్రీకాంత్‌కు ఆఫీసులో ఎవరూ కుర్చీ మార్చలేదు. వాడి తల్లి వాడి కంచంలోంచే ముద్ద తీసుకుని తింటుంది. లోకం ఆ మేరకు బాగుపడింది, మంచిదే. వాడి కోసం సంతోషిస్తాను. కానీ ఆ డాక్టరమ్మ చెప్పిన నిజం అప్పుడూ ఉంది. మా ఇంట్లోకి కూడా వచ్చింది. వచ్చినా దానికి అక్కడ ఉండడానికి చోటు దొరకలేదు.

బాపు పోయినప్పుడు నేను ఉద్యోగంలో చేరి కొన్నేళ్లయింది. పదో రోజు కొడుకులమిద్దరం గుండు చేయించుకోవాలి. మల్లేశ్ ముందు కూర్చున్నాడు. వాడి వెంట్రుకలు రాలుతుంటే వాడు బాపూ బాపూ అని వెక్కి వెక్కి ఏడ్చాడు. నా వంతు వచ్చింది. కత్తి నుదుటి దగ్గర మొదలై వెనక్కి పోతుంటే ఒళ్లో నల్లగా కుచ్చులు పడుతున్నాయి. మూడేళ్లు సూదులు పొడిపించుకుని తెచ్చుకున్న జుట్టు అది. మళ్లీ మొలుస్తుందా, మొలవదా? బిళ్లలు బిళ్లలుగా మొలుస్తుందా? నా మనసంతా అదే భయం. పెద్దకొడుకు కంట నీటిచుక్క లేదని మా బంధువుల్లో ఒకామె పక్కావిడతో అనడం వినిపించింది. ఆమె అన్నది నిజమే. నాకు బాపు కోసం ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం గుండ్లతో కొట్టం ముందు కూర్చున్నాం. మల్లేశ్ తన తల తడుముకుని, చెయ్యి చాచి నా తల కూడా నిమిరాడు. నీది నాకన్నా ముందు మొలుస్తదన్నా అన్నాడు, నవ్వబోయి ఏడుస్తూ. వాడి చెయ్యి పాలు పిండి పిండి గరుకెక్కింది, అచ్చం బాపు చెయ్యిలా ఉంది. లోపల బర్రెలు అరుస్తున్నాయి. ఇంట్లో మనిషి పోయినా వాటి పొదుగులు ఆగవు. మల్లేశ్ కళ్లు తుడుచుకుని లేచి వెళ్లి పాలు పిండి, నిండిన క్యాను మోసుకుంటూ బయటికి వచ్చాడు. బరువుకు వాడి భుజం ఒంగింది. నేను లేచి వెళ్లి క్యాను రెండో పిడి పట్టుకున్నాను.

వాడు కంగారుగా ఆగిపోయాడు. ఎంతో ప్రేమగా, నిజంగా ప్రేమగానే అన్నాడు: "నువ్వెందుకన్నా? పంతులువి. బట్టలు ఖరాబైతయ్, ఇడువు."

పిడి వదిలేశాను. వాడు క్యాను సైకిలుకు తగిలించుకుని వెళ్లిపోయాడు.